విమానముల బలపరీక్ష

సంతలో కుండ కొనబోవు ఇల్లాలు దానిని వ్రేలితో తట్టి, మ్రోత విని గాని వెల యీయదు. ఎద్దును కొను రైతు పండ్లు చూచుటతో తృప్తిపడక, దానిని కాడికి గట్టి నాలు గడుగులు నడిపించి చూచును. ఇంటి వస్తువులకే ఇంత పరీక్ష యవసరమైనపుడు, మూడువందల మంది ప్రాణములను పది కిలోమీటర్ల యెత్తున మోసికొనిపోవు విమానమునకు ఎంత పరీక్ష కావలెనో వేరుగ జెప్ప నక్కరలేదు. అయినను ఆ పరీక్ష ఎట్లు జరుగును, ఎచ్చట జరుగును, ఎవరు జరుపుదురు అను ప్రశ్నలు మన దేశమున విమాన మెక్కువారిలో మిక్కిలి కొలదిమందికే తోచుచున్నవి.

ఈ ప్రశ్నలను ఇప్పుడు వేయుటకు కారణము గలదు. 2023వ సంవత్సరము ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియావారు 470 విమానములకును, జూనులో ఇండిగోవారు 500 విమానములకును ఆర్డర్లు ప్రకటించిరి. ఇవి యన్నియు పరదేశ నిర్మితములే. ఇంత పెద్ద బేరము చేయు దేశము తన విమానమును తానే యేల నిర్మించుకొనరాదను మాట నలుదిక్కుల వినవచ్చుచున్నది. బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలవారు తొంబదిమంది వరకు మోయగల ప్రాంతీయ విమానమును గూర్చి పెక్కేండ్లుగా ఆలోచించుచున్నారు. ఆ నగరముననే యున్న హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థవారు 2025 అక్టోబరులో రష్యాదేశపు సంస్థతో ఎస్.జె.-100 అను ప్రయాణికుల జెట్టు విమానమును గూర్చి అవగాహన పత్రముపై సంతకము చేసిరి. ఈ యుత్సాహమును మేము హర్షించుచున్నాము. కాని యీ సందర్భమున ఎవ్వరును పలుకని మాట యొకటి గలదు. స్వదేశ విమానమును ఎగురవేయ దలచినవారు మున్ముందుగా దానిని విరుగగొట్టు శాలను కట్టుకొనవలెను. ఆ శాల లేనిచో తక్కిన ప్రయత్నమంతయు పునాది లేని మేడయే యగును.

విరుగగొట్టుట యన నేమో కొంత వివరింప వలసియున్నది. విమానము తన జీవితకాలమున ఎదుర్కొనగల మిక్కిలి గొప్ప భారమును ఇంజనీర్లు ముందుగ లెక్కకట్టుదురు. తుపాను గాలి కొట్టినను, చోదకుడు హఠాత్తుగ మలుపు త్రిప్పినను రెక్కలపై బడు ఒత్తిడి దానిని మించరాదు. దీనికి పరిమితి భారమని పేరు. అంతర్జాతీయముగ అమలునందున్న నియమముల ప్రకారము, ఈ భారమునకు విమానము శాశ్వతముగ వంగిపోరాదు. దానికి ఒకటిన్నర రెట్లగు పరమభారమును కనీసము మూడు సెకనులైనను విరుగక భరింపవలెను. దీనిని నిరూపించుటకై ఎన్నడును ఎగురబోని విమానము నొకదానిని సంపూర్ణముగ నిర్మించి, ఉక్కుదూలముల పంజరమున బిగించి, హైడ్రాలిక్ జాకీలతో రెక్కలను పైకి లాగుదురు. జోడెడ్లకు బండి బరువును కాడి పంచునట్లు, ఒకదాని క్రింద నొకటి వ్రేలాడు దూలములు ఆ లాగుడును రెక్క పొడవునను పంచియిచ్చును. వేలకొలది స్ట్రెయిన్ గేజీలు రేకుమీద నంటియుండి ఏ చోట ఎంత సాగినదియు తెలుపుచుండును. పెద్ద విమానపు రెక్కకొన ఇట్టి పరీక్షలో ఒక మేడయెత్తు పైకి లేచును. బోయింగ్ 777 విమానపు రెక్క 1995 జనవరిలో పరిమితి భారమునకు నూటికి 154 వంతుల వద్ద గాని విరుగలేదు. నియమమునకు కావలసినది 150. ఆ నాలుగు వంతులలోనే రూపకర్త నేర్పంతయు నున్నది. ఇంకను బలముగ కట్టినచో వ్యర్థముగ బరువు పెరిగి యుండెడిది; తక్కువ బలముతో కట్టినచో విమానమున కనుమతియే దొరక కుండెడిది.

ఇది ఒక్కసారి మోపు భారమునకు సంబంధించిన పరీక్ష. దీనికంటె కపటమైన శత్రువు మరియొకటి గలదు. ఇనుప తీగను ఒక్కమారు వంచిన విరుగదు. అటు నిటు పలుమార్లు వంచిన పిల్లవాని చేతిలోనైనను తెగిపోవును. లోహమునకును అలసట గలదు. విమానము పైకెగిరినపుడెల్ల ప్రయాణికులు కూర్చుండు కాయము లోపలి గాలి యొత్తిడిచే ఉబ్బును, దిగినపుడెల్ల తగ్గును. ఈ ఉబ్బుట తగ్గుటలు వేలకొలదిగ జరిగిన పిమ్మట ఒకానొక మేకు రంధ్రము వద్ద వెండ్రుకంత పగులు పుట్టును. అది కంటి కగుపడక క్రమక్రమముగ ప్రాకి, యొకనాడు కాయమునంతయు చీల్చివేయును. 1988 ఏప్రిలు 28వ తేదీన హవాయి ద్వీపముల మీద అలోహా కంపెనీ విమానపు పైకప్పు ఆకాశముననే ఎగిరిపోయినది. ఆ విమానము అంతకు మునుపు సుమారు 90 వేల ప్రయాణములు చేసియున్నది. లోపలి యుద్యోగిని యొకతె ఆ గాలికి కొట్టుకొనిపోయెను.

ఈ పాఠమును లోకమునకు మొట్టమొదట నేర్పినది కామెట్ విమానము. అది ఇంగ్లండున పుట్టినది; ప్రయాణికులను మోసిన ప్రథమ జెట్టు విమానము. దాని దుర్గతిలో ఒక యధ్యాయము మన గడ్డమీదనే జరిగినది. 1953 మే 2వ తేదీన కలకత్తా డమ్‌డమ్ నుండి ఢిల్లీకి బయలుదేరిన కామెట్ కొన్ని నిమిషములకే గాలివానలో ముక్కలై జగల్‌గోరి గ్రామమువద్ద పడగా, అందలి 43 మందియు మరణించిరి. తుపాను గాలి యొత్తిడికి విమానము విరిగెనని అప్పటి విచారణలో తేలినది. 1954 జనవరిలో ఎల్బా ద్వీపము సమీపమునను, ఏప్రిలులో నేపుల్సు సమీపమునను మరి రెండు కామెట్లు నిర్మలాకాశమున చెదరి సముద్రమున గూలెను. నిందింప తుపాను లేకపోయెను. ఆ మీదట బ్రిటిషువారు ఫార్న్‌బరోలో ఒక పెద్ద నీటితొట్టిని కట్టి, అందు సంపూర్ణమగు కామెట్ కాయము నుంచి, లోపల నీటితో ఒత్తిడి పెంచుచు తగ్గించుచు రేయింబవళ్లు ప్రయాణముల ననుకరించిరి. ఆ విమానము నిజముగ చేసిన 1,221 ప్రయాణములును, తొట్టిలో చేసిన 1,836 ప్రయాణములును కలిసి 3,057వ దాని యందు కాయము ఒక రంధ్రపు మూలనుండి చీలిపోయెను. గాలికి బదులు నీరు వాడుటచే అది ప్రేలిపోక, పగులు ప్రారంభమైన తావు చెక్కుచెదరక దొరకినది. మధ్యధరా సముద్రమునుండి తీసిన శకలములును అదే సాక్ష్యమును పలికినవి.

ఇంతవరకు చాలమంది యెరుగుదురు. మేము ముఖ్యముగ చెప్పదలచినది దీని తరువాతి సంగతి. కామెట్ నిర్మాతలు పరీక్ష చేయకుండ విమానమును అమ్మలేదు. వారు కాయపు ఖండము నొకదానిని సుమారు 18,000 పర్యాయములు ఒత్తిడికి లోనుచేసి, అది చెడలేదని చూచిన పిదపనే తమ విమానము పదివేల ప్రయాణములకు చాలునని నమ్మిరి. అట్లయిన నిజవిమానములు వేయి ప్రయాణములకే యేల విరిగెను? ఏలయన వారు అదే ఖండముమీద మునుపు ఇంకొక పరీక్షకై రెట్టింపు ఒత్తిడి మోపియుండిరి. ఆ యధిక భారమునకు లోహము మూలలవద్ద కొంచెము సాగి, ఆ సాగుటచేతనే అలసటకు ఓర్చు శక్తిని అదనముగ సంపాదించుకొనెను. ప్రయాణికు లెక్కిన విమానములకు ఆ సంస్కారము జరుగలేదు. పరీక్షింపబడిన వస్తువు వేరు, అమ్మబడిన వస్తువు వేరు అయినవి. నిర్మాతలయందు మోసము లేదు. కాని ఒకే వస్తువుచే రెండు పరీక్షలకు సాక్ష్య మిప్పించుటచే సాక్షి చెడిపోయెను. పరీక్ష లేకపోవుటకంటె తప్పుదారి పట్టించిన పరీక్ష యెక్కువ కీడు చేయునని దీనివలన విశదమగుచున్నది. నేడు పెద్ద విమానములకు బలపరీక్ష కొకటి, అలసటపరీక్ష కొకటి వేరువేరుగ నిర్మించుటకు ఇట్టి కారణములే గలవు.

గణనయంత్రములు ఇంతగా వృద్ధిపొందిన కాలమున వేలాది కోట్లు పోసి నిర్మించిన వస్తువును విరుగగొట్టుట యనాగరకము గాదా యని కొందరు ప్రశ్నింపవచ్చును. యంత్రములు చేయు లెక్కలు శ్లాఘనీయములే. కాని లెక్క మనము అడిగిన ప్రశ్నకే జవాబిచ్చును. అడుగ మరచినదానిని విమానమే చెప్పవలెను. 2006 ఫిబ్రవరిలో టూలూజు నగరమున ఎయిర్‌బస్ ఎ-380 రెక్క పరిమితి భారమునకు 1.5 రెట్లు చేరకమునుపే, 1.45 రెట్లు దాటిన కొలదికాలమునకే విరిగెను. ప్రపంచమున ఆరితేరిన ఇంజనీర్ల లెక్క మూడు వంతులు తప్పినది. ఆ రెక్కకు సుమారు 30 కిలోల లోహమును అదనముగ చేర్చవలసివచ్చెను. 2009లో బోయింగ్ 787 రెక్కయు కాయమును కలియుచోట బలహీనత పరీక్షలోనే బయటపడి, మొదటి యెగురుటయే నెలలకొలది వాయిదాపడినది. 2019 సెప్టెంబరులో బోయింగ్ 777-ఎక్స్ కాయము పరమభారమునకు నూటికి ఒక వంతు తక్కువలో చీలినది. కాయపు లోహము చీలెనన్న సంపూర్ణ సత్యము కొన్ని వారములకు పత్రికలద్వారా గాని ప్రజలకు తెలియలేదు. పరీక్షలో నెగ్గినను పని ముగియదు. ఎ-380 విమానమునకు డ్రెస్డెనున 47,500 ప్రయాణములతో సమానమగు అలసటపరీక్ష జరిగినది. అయినను 2012లో దాని రెక్కల లోపలి ఆధారములలో పగుళ్లు కనబడి, అన్ని విమానములను తనిఖీ చేయవలసి వచ్చినది. ఇన్ని సంపదలు గలవారే ఇట్లు తడబడుచుండగా, విరుగగొట్టి చూడని రెక్కను నమ్ముట మనకు తగునా?

ఈ విద్యకు బెంగుళూరు క్రొత్తది గాదు. 1940 డిశంబరులో వాల్‌చంద్ హీరాచంద్ గారు మైసూరు ప్రభుత్వపు సహాయముతో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించిరి. 1942లో భారతీయ విజ్ఞానశాస్త్ర సంస్థయందు వైమానిక శాస్త్రశాఖ వెలసినది. 1959లో ఢిల్లీలో పుట్టిన జాతీయ వైమానిక ప్రయోగశాల మరుసటి సంవత్సరమే బెంగుళూరునకు తరలివచ్చెను. 1965 నుండి 1984 వరకు ఆ ప్రయోగశాలకు అధ్యక్షుడై దానిని పెంచినవాడు తెలుగువాడగు డాక్టరు ఎస్. ఆర్. వల్లూరి. అమెరికాలో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాలయమున ఉన్నప్పుడు ఆయన శ్రద్ధతో పరిశోధించిన విషయము లోహపు టలసటయే యనుట మా పాఠకులలో పలువు రెరుగరు. విరుగుటయే శాస్త్రముగ నెరిగినవాని చేతిలో ప్రయోగశాల పెరుగుట దేశమునకు కలిసివచ్చిన యదృష్టము. యుద్ధవిమానముల కాయములను సంపూర్ణముగ బిగించి అలసటపరీక్షలు జరుపు నేర్పు అచ్చట స్థిరపడినది. డాక్టరు కోట హరినారాయణ గారి నిర్వహణమున రూపొందిన తేజస్ విమానము 2001 జనవరి 4వ తేదీన బెంగుళూరుననే ఎగిరినది. దాని బలపరీక్షలును ఆ నగరముననే జరిగినవి.

కావున మనకు నేర్పు లేదని యెవ్వరును అనజాలరు. లేనిది పరిమాణము. తేజస్ రెక్కల విస్తారము 8.2 మీటర్లు. ప్రయోగశాలవారు నిర్మించిన సారస్ విమానపు రెక్కల విస్తారము 15 మీటర్లకు లోపు. మన పట్టణముల నడుమ తిరుగు ఎ.టి.ఆర్. 72 విమానమునకే అది 27 మీటర్లు. బోయింగ్ 777 కు 60 మీటర్లకు పైబడినది. ఎ-380 కి సుమారు 80 మీటర్లు. గదిలో తట్టి చూచిన కుండయు, ఊరిచెరువునకు కట్టిన తూమును ఒకే తట్టుతో తేలవు. పెద్ద విమానమునకు పెద్ద శాల, పెద్ద ఉక్కు పంజరము, వందలకొలది జాకీలను ఒకే క్షణమున నియమించు యంత్రాంగము, అన్నిటికిని మించి సంవత్సరములు వేచియుండు ఓపికయు కావలెను.

సారస్ కథ మనకొక హెచ్చరిక. 2004 మే 29వ తేదీన ఎగిరిన మొదటి సారస్ అనుకొన్నదానికంటె బరువెక్కినది. 2009 మార్చి 6వ తేదీన రెండవ విమానము బిడది సమీపమున కూలి వాయుసేనకు చెందిన ముగ్గురు పరీక్షకులు ప్రాణములు గోల్పోయిరి. ఆకాశమున ఎంజినును ఆపి తిరిగి ప్రారంభించు పరీక్షలో అది జరిగినది. నిర్మాణబలముతో దానికి సంబంధము లేదు. కాని ఆ తరువాత ఈ ప్రయత్నము చాలకాలము నిలిచిపోయి, 2018 జనవరిలో గాని సారస్ మరల ఎగురలేదు. చేతనున్న విమానములు రెండే యైనపుడు ఒకటి పోయిన సగము ప్రయత్నము పోయినట్లే. ఇట్టి పొదుపులో భూమిమీద విరుగగొట్టుటకై ప్రత్యేకముగ విమానములు నిర్మింపుడని ఎవరు ధైర్యముగ అడుగగలరు? అడుగకున్నచో అందలి లోపములను ఏ శాలలో కనుగొందురు?

మరియొక మార్గమును గూర్చియు విచారింతము. పరదేశపు రూపమును అనుమతిపై తెచ్చి ఇచ్చట నిర్మించుట మనకు చిరపరిచితము. కాన్పూరున నిర్మితమై 1961లో ఎగిరిన ఆవ్రో 748 యు, అటుపిమ్మట అచ్చటనే నిర్మితమైన డోర్నియర్ 228 యు ఇట్టివే. ఎస్.జె.-100 విషయమునను జరుగగలది ఇదియే. దీనివలన పనివారికి పని దొరకును, ఫ్యాక్టరీలు నిలుచును, అది మేలే. కాని ఇట్టి విమానములకు బలపరీక్ష రూపకర్తల దేశముననే జరిగియుండును. మనకు చేరునది ధృవపత్రము మాత్రమే. రెక్క ఎచ్చట విరిగెనో, విరిగినపుడు ఎట్టి ధ్వని చేసెనో, ఏ లెక్క ఏల తప్పెనో అను జ్ఞానము వారియొద్దనే నిలిచియుండును. విమానమును కొనవచ్చును, బొమ్మలను కొనవచ్చును. ఓటమివలన గలిగిన తెలివిని ఎవ్వరును అమ్మరు.

ఈ మాట బెంగుళూరు రాజధానిలో నివసించు మన తెలుగు ఇంజనీర్లకు చక్కగ తెలియును. ఎయిర్‌బస్‌వారు 2007 నుండి అచ్చట ఇంజనీరింగు కార్యాలయమును నడుపుచున్నారు. దేవనహళ్లియొద్ద బోయింగ్‌వారి పెద్ద కార్యస్థానము 2024 జనవరిలో ప్రారంభమైనది. గుంటూరునుండియు, వరంగల్లునుండియు, అనంతపురమునుండియు వెళ్లిన యువకులును యువతులును అట్టి కార్యాలయములలో గూర్చుండి పెద్ద విమానముల రెక్కలకు లెక్కలు గట్టుచున్నారు. ఆ లెక్క నిజమో కాదో తేలునది మాత్రము సముద్రముల కావల. లెక్క మనది, విరుపు పరులది. తాను గట్టిన రెక్క తన కన్నులయెదుట విరుగుటను ఒక్కమారు చూచిన ఇంజనీరు తక్కిన జీవితమంతయు వేరొక మనిషియై లెక్క కట్టును. ఆ విద్యాభ్యాసమును మన పిల్లలకు ఇచ్చుటకు మన దేశమున తావు లేకపోవుట మాకు మిక్కిలి చింత గొల్పుచున్నది.

ధనము చాలదను వాదము బలమైనదే. బడులు, ఆసుపత్రులు, త్రాగునీరు కోరు దేశమున విరుగగొట్టుటకై విమానము కట్టుడనుట విలాసముగ దోచును. దీనికి మా సమాధాన మిది: పెద్ద విమానమును కట్టక పోవుట కూడ గౌరవప్రదమైన నిర్ణయమే. కొనుక్కొనిన విమానములతో ఎన్నో దేశములు సుఖముగ నున్నవి. కట్టదలచి, పరీక్ష దగ్గర మాత్రము పొదుపు చేయుటయే తగనిది. ఆ పొదుపు మూల్యమును చెల్లించువాడు ఖజానాదారుడు గాడు. కిటికీప్రక్క కూర్చున్న ప్రయాణికుడు. మరియు ఇట్టి శాల ఒక్క విమానముతో తీరిపోవునది గాదు. వాయుసేనయొక్క పాత రవాణా విమానముల ఆయువు పొడిగింపదగునా కాదా యని తేల్చుటకును, కార్బను నారతో నేసిన క్రొత్త నిర్మాణములను శోధించుటకును అది తరతరములు ఉపయోగపడును. ఈ క్రొత్త పదార్థము లోహమువలె సొట్టపడి తన దెబ్బను చూపదు. పైకి నున్నగ నుండి లోపల పొరలు విడిపోవును. కావున పరీక్షావసరము తగ్గకపోగా హెచ్చుచున్నది.

మేము ప్రభుత్వమువారిని కోరునవి నాలుగు. మొదటిది, స్వదేశ ప్రయాణికుల విమానమునకు ధనము మంజూరు చేయునాడే, భూమిమీద పరీక్షింప రెండు సంపూర్ణ విమానములకును ధనము ప్రత్యేకముగ కేటాయింపవలెను. అవి వేరు పనికి మళ్లింపబడరాదు. రెండవది, పెద్ద విమానములకు దగిన పరీక్షాశాలను బెంగుళూరు పరిసరముల ఇప్పటినుండియే నిర్మింప నారంభింపవలెను. విమానము సిద్ధమైన పిమ్మట శాలకై వెదకుట పెండ్లినాడు పందిరిగుంజలకై అడవికి పోవుటవంటిది. మూడవది, కట్టువాడును పరీక్షించువాడును ఒకే యజమానికి జవాబుదారులై యుండరాదు. తన కుమారుని జవాబుపత్రములను తానే దిద్దు ఉపాధ్యాయుడు ఎంత సజ్జనుడైనను, ఊరివారు ఆ మార్కులను నమ్మరు. నాలుగవది, పరీక్షాఫలితములు, ముఖ్యముగ వైఫల్యములు, పార్లమెంటునకు నివేదింపబడవలెను. టూలూజున రెక్క విరిగిన వార్త లోకమంతయు ప్రాకినను ఎ-380 పరువు పోలేదు. ఆ సంవత్సరమే దానికి అనుమతి లభించెను. విరిగెనని చెప్పుకొనుటలో సిగ్గు లేదు. విరుగలేదని అబద్ధమాడుటలోను, విరుగునో లేదో చూడకుండుటలోను సిగ్గు గలదు.

ఇంజనీర్లు, వైద్యులు, న్యాయవాదులు, అధ్యాపకులు అగు మా పాఠకులకు ఒక మాట. స్వదేశ విమానము తొలిసారి పైకి లేచిననాడు ఉత్సవములు జరుగును, జెండాలెగురును, ఛాయాచిత్రములు పడును. అది మంచిదే. కాని అంతకుముందొకనాడు, తలుపులు మూసిన ఒక శాలలో, ఎగురని విమానపు రెక్క యొకటి ఫెళ్లున విరుగవలసియున్నది. ఆ దినమున ఉత్సవముండదు. ఆ ధ్వనిని విని, ఏ వంతువద్ద విరిగెనో వ్రాసికొని, మరునాటినుండి మరల లెక్కకు గూర్చుండు కొలదిమంది మాత్రముందురు. ప్రయాణికుని ప్రాణము వారి చేతిలో నున్నది. ఎగిరిన దినమును గూర్చియే గాక విరిగిన దినమును గూర్చియు అడుగు ప్రజలు గల దేశమునకే పెద్ద విమానమును కట్టు అర్హత గలదని మా దృఢవిశ్వాసము. ఆ ప్రశ్నను మన ప్రతినిధుల నడుగుటకు మా పాఠకులు వెనుదీయరని ఆశించుచున్నాము.